సైటేషన్ వర్క్‌షాప్ పెట్టేముందు ఇవి చూసుకోండి

ప్రాజెక్టుల టైమొచ్చింది, తిరుపతి కాలేజీ లైబ్రరీల్లో మళ్లీ సైటేషన్ క్లాసులు, అంటే ఏ మాట ఎక్కణ్నుంచి తీసుకున్నామో చూపే రిఫరెన్సుల క్లాసులు మొదలవుతాయి. పెట్టేవాళ్లకు నాలుగు ముక్కలు.

– రిఫరెన్సులు రాసే ఏపీఏ పద్ధతి రూల్స్ స్లైడ్లతో మొదలుపెట్టొద్దు. పదో నిమిషానికి వెనక బెంచీలు ఫోన్లలోకి పోతే ఇక తిరిగి రావు. చాట్‌జీపీటీ కల్పించిన రిఫరెన్సులు రెండు, అసలువి మూడు కలిపి ప్రింట్ తీసి పంచండి, దొంగవేవో పట్టుకోమనండి. రచయిత, పత్రిక, పేజీ నంబర్లు అన్నీ పద్ధతిగా ఉండి ఆ వ్యాసమే లేదని తేలినప్పుడు చూడాలి వాళ్ల మొహాలు. ఏవి దొంగవో ముందు మీరు చూసుకోండి మరి!

– ఉదాహరణ మనూరిది తీసుకోండి. ప్రాజెక్టులో అన్నమయ్య కీర్తన వాడుకుంటే రిఫరెన్సుగా రాగిరేకుని చూపాలా, అచ్చు పుస్తకాన్నా? చేతిలో ఉన్నదాన్నే. కానీ ఆ మాట చివర్లో చెప్పండి, అంతవరకూ వాదించుకోనివ్వండి.

– రిఫరెన్సులు దాచి, జాబితా తయారుచేసిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ ముందురోజే సిస్టమ్స్‌లో వేయించండి. ఉచితమే, కానీ అందరూ ఒకేసారి దించుకుంటే వైఫై చస్తుంది. మాకోసారి ముప్పావు గంట అక్కడే పోయింది.

– కాపీ రాతల మీద యూజీసీ 2018 నిబంధనలు చదివి వినిపించొద్దు. ఒక్క లెక్క చాలు: థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

– భోజనం తర్వాత మాత్రం పెట్టొద్దు. కారణం మీకే తెలుసు.