'ఆస్టర్' కనిపిస్తే చుక్కను తలుచుకోండి

పర్లాకిమిడి, గుణుపురం వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, నీట్‌కి ఇంగ్లీషు. బయాలజీ పదాలంటే టెన్షన్ సహజం. బట్టీ పట్టకండమ్మా, మూలం పట్టుకోండి. గ్రీకులో 'ఆస్టర్' అంటే నక్షత్రం. మెదడులో నక్షత్రం ఆకారపు కణం ఆస్ట్రోసైట్, దాని కణితి ఆస్ట్రోసైటోమా. చెవి వెనక పుర్రె అతుకులు మూడు కలిసే చోటు ఆస్టీరియన్. ల్యాబ్‌లో పుర్రె నమూనా తిప్పి చూడండి, అక్కడి నుంచి గీతలు చుక్క కిరణాల్లా విడిపోతాయి. 1802లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ వాడిన ఆస్టరాయిడ్ (గ్రహశకలం) అనే మాట కూడా ఇందులోదే.

ఆస్తమా మాత్రం ఈ కుటుంబం కాదు, దానికి మూలం ఎగశ్వాస అనే అర్థమున్న వేరే మాట. కాలేయం బాగా చెడినప్పుడు చేతులు రెక్కల్లా కొట్టుకునే ఆస్టెరిక్సిస్ కూడా కాదు: 'అ' అంటే లేదు, 'స్టెరిక్సిస్' అంటే నిలకడ. మన 'అస్థిరం' లాగే విడదీసి చదవండి.