పిల్లల కోసం అనుకుంటున్నారా? ముందే చూసుకోవాల్సినవి

ఎనెన్‌సెఫలీలో బిడ్డకు పుర్రె పైభాగం, మెదడులో చాలా భాగం ఏర్పడవు. పుట్టినా గంటల్లో, రోజుల్లో పోతుంది.

– ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచే. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం దాల్చిన 28 రోజులకే మూసుకోవాలి; పైన మూసుకోకపోతే ఎనెన్‌సెఫలీ వస్తుంది, ఫోలిక్ యాసిడ్ ఆ ముప్పును తగ్గిస్తుంది. నెల తప్పిందని తెలిసేసరికి ఆ గడువు దాదాపు అయిపోతుంది. ఆశా కార్యకర్తను ముందే అడగండి, మొహమాటమెందుకు?

– ముందు కాన్పులో ఇలా జరిగిందా? డోసు పెద్దది, డాక్టరే రాయాలి.

– షుగర్ ఉన్నా, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నా చెప్పండి. మాత్ర సొంతంగా ఆపొద్దు.

– 11–14 వారాల స్కాన్‌లో సాధారణంగా తెలిసిపోతుంది. జీడిపప్పు పనులని పలాస నుంచి శ్రీకాకుళం ప్రయాణం వాయిదా వేయకండి.

– గ్రహణం చూసిందని కోడల్ని అనొద్దు. దీనికీ గ్రహణానికీ సంబంధం లేదు.