స్కాఫోల్డ్ మధ్యలో సెల్స్ చచ్చిపోతుంటే ఇలా సెట్ అయింది (నా అనుభవం)

స్టెమ్ సెల్స్‌ని స్కాఫోల్డ్‌లో (సెల్స్ పట్టుకుని పెరగడానికి వాడే, రంధ్రాలున్న అచ్చు లాంటిది) వేసి బోన్ లాంటి టిష్యూ పెంచుతుంటే పైనంతా బాగానే గట్టిపడేది, కానీ బ్లేడుతో మధ్యకి కోసి అలిజరిన్ రెడ్ (కాల్షియం ఉన్నచోట ఎర్రగా పట్టే రంగు) వేస్తే అంచు చుట్టూ మాత్రమే ఎర్రటి రింగు, మధ్యలో సెల్స్ అన్నీ చచ్చిపోయి ఉండేవి. స్టెమ్ సెల్స్ ఎముక సెల్స్‌గా మారడానికి వేసే డెక్సామెథసోన్, ఆస్కార్బిక్ యాసిడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ అన్నీ కరెక్ట్‌గానే పడుతున్నాయి. అసలు ప్రాబ్లం ఆక్సిజన్. దానంతటదే టిష్యూలోకి ఓ 100-200 మైక్రాన్ల దాకానే సరిగ్గా వెళ్తుంది, మన ఒంట్లో అయితే రక్తనాళాలు ఉంటాయి, డిష్‌లో ఏముంటాయి చెప్పండి.

అందుకే 300 మైక్రాన్ల పైన రంధ్రాలుండి, అవి ఒకదానికొకటి కలిసి ఉన్న స్కాఫోల్డ్ తీసుకుని, చిన్న పంపుతో మీడియం (సెల్స్‌కి ఆహారం, ఆక్సిజన్ అందించే ద్రవం) దాని గుండానే పోయేలా పెట్టా. సెల్స్ అంటుకునేదాకా పంపు ఆన్ చేయొద్దు, తర్వాత కూడా చాలా స్లోగా మొదలుపెట్టాలి, లేదంటే కొట్టుకుపోతాయి. పైగా మీడియం పారుతూ మీద పడే ఒత్తిడికి ఎముక సెల్స్ ఇంకా బాగా పనిచేస్తాయి, నాకు భలే నచ్చే విషయం ఇది. ఇప్పుడు కోస్తే మధ్య దాకా ఎరుపు వస్తోంది.

సెల్స్ వేయని స్కాఫోల్డ్ ఒకటి పక్కన తప్పకుండా పెట్టుకోండి, కాల్షియం ఫాస్ఫేట్ మెటీరియల్ అయితే సెల్స్ లేకపోయినా రంగు పట్టేస్తుంది.