పాత మారుతి 800 ఇంజిన్ నేర్చుకుందాం – 3వ పాఠం: సీసీ ఒకటే, పార్టులు ఒకటేనా?

పోయిన పాఠంలో బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) అంటే ఏమిటో చూశాం. ఈసారి ఆ రెండు అంకెలతోనే లెక్క మొదలుపెడదాం.

మారుతి 800లో సిలిండర్లు మూడు. బోరు 68.5 మి.మీ., స్ట్రోక్ 72 మి.మీ. బోరును బోరుతోనే గుణించి, 0.7854తో, 72తో, చివరికి 3తో గుణించండి. వచ్చినదాన్ని వెయ్యితో భాగిస్తే 796 సీసీ. మీ ఆర్‌సీ మీదా అదే అంకె కనిపిస్తుంది.

ఓమ్నీ ఆర్‌సీ చూసినా 796, పాత ఆల్టో ఆర్‌సీ చూసినా 796. బోరు, స్ట్రోక్ కూడా అవే. దాంతో చాలామంది "అన్నీ ఒకటేనండీ, ఏదైనా పడుతుంది" అనేస్తారు. హెడ్ (సిలిండర్ల పైన బిగించే మూత) విప్పి, షాపుకి వెళ్లి, తెచ్చిన గాస్కెట్ (హెడ్ కింద లీకు కాకుండా వేసే పలక) సరిపోక బండి షెడ్డులోనే ఆగిపోయేది ఈ మాట నమ్మినప్పుడే.

సీసీ చెప్పేది సిలిండర్ల లోపలి కొలత మాత్రమే. దానిపైన కూర్చునే హెడ్ గురించి అది ఏమీ చెప్పదు. మామూలు 800, ఓమ్నీలలో ఉండేది ఎఫ్8బి ఇంజిన్: సిలిండర్‌కు రెండు చొప్పున ఆరు వాల్వులు (గాలి, పెట్రోల్ లోపలికి, పొగ బయటికి వెళ్లే దారులను తెరిచి మూసేవి). 2000లో వచ్చిన ఆల్టోలోది ఎఫ్8డి: సిలిండర్‌కు నాలుగు చొప్పున పన్నెండు. వాల్వుల అమరిక మారితే హెడ్, క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ), మానిఫోల్డులు (హెడ్‌కు గాలి, పొగ గొట్టాలు) అన్నీ మారిపోతాయి. పిస్టన్ తల ఆకారం కూడా వాల్వులను బట్టే ఉంటుంది కాబట్టి వ్యాసం ఒకటే అని పిస్టన్ కొనకూడదు.

ఇంకో చిక్కు ఉంది. 2000 తర్వాత కొంతకాలం మారుతి 800లోనే పన్నెండు వాల్వుల ఇంజిన్, ఐదు గేర్లతో వచ్చింది. అందుకని షాపులో "800కి కావాలి" అంటే సరిపోదు, మోడల్ సంవత్సరం చెప్పినా చాలదు. ఇంజిన్ నంబర్ మొదటి అక్షరాలు చదవండి: ఎఫ్8బి అని ఉందా, ఎఫ్8డి అని ఉందా? ఆర్‌సీలో ఉన్నది, బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ) మీద కొట్టి ఉన్నది రెండూ కలవాలి. కలవకపోతే ఎప్పుడో ఎవరో ఇంజిన్ మార్చారన్నమాట. అప్పుడు పార్టులు బ్లాకును బట్టి కొనాలి, కాగితాల సంగతి ఆర్‌టీఏ ఆఫీసులో సరిచేయించుకోవాలి.

ఓమ్నీది ఎఫ్8బియే కదా అంటారా? దాని ఇంజిన్ ముందు సీట్ల కింద వాలుగా పడుకుని వెనక చక్రాలను తిప్పుతుంది. 800లో బానెట్ కింద అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. కాబట్టి మౌంటింగులు, గేర్‌బాక్స్ పనికిరావు. లోపలి రింగుల్లాంటివి కలిసే అవకాశం ఉన్నా పార్ట్ నంబర్ చూడనిదే డబ్బులివ్వకండి. సుజుకి పార్ట్ నంబర్లో మొదటి ఐదు అంకెలు అది ఏ రకం పార్టో చెబుతాయి. ఉదాహరణకు 16510 అంటే ఆయిల్ ఫిల్టర్. ఏ బండికో తేల్చేది గీత తర్వాతి భాగం. అది కూడా కలిస్తేనే కొనాలి.

పెట్రోల్ పైపు విషయంలో మాత్రం అసలు రాజీ వద్దు. కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలిలో కలిపే పాత పద్ధతి పరికరం) బండిలో పంపు ఒత్తిడి అర బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) కూడా ఉండదు. ఎంపీఎఫ్‌ఐలో (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) దాదాపు మూడు బార్లు. కార్బురేటర్ పైపు ముక్క ఎంపీఎఫ్‌ఐకి తగిలిస్తే పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, మీ వీధి షాపులో కొన్నా ఎంపీఎఫ్‌ఐ పైపు అని అడిగి, పైపు మీద ముద్ర చదివి తీసుకోండి.

ఇక రీబోర్. సిలిండర్ అరిగితే లేత్ షాపులో బోరు పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. 0.50 సైజు (మామూలు కంటే 0.50 మి.మీ. పెద్దది) వేస్తే బోరు 69 మి.మీ., సీసీ దాదాపు 808 అవుతుంది. ముందు పిస్టన్లు కొని లేత్ షాపులో ఇవ్వండి. పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. రింగులు కూడా అదే ఓవర్‌సైజ్‌వి ఉండాలి.

అభ్యాసం: 0.25 సైజుకి సీసీ లెక్కకట్టండి, 802కి దగ్గరగా రావాలి. మీ బండి ఇంజిన్ నంబర్ ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. 4వ పాఠంలో క్రాంక్ బేరింగుల సైజులు చూసేటప్పుడు కావాలి.