ఫోన్ వదల్లేకపోతున్నారా, మీ మీద మీకే చులకనగా ఉంటోందా? లక్షణం నుంచి పరిష్కారం దాకా

నేను కాలేజీలో పాఠాలు చెబుతాను, సాయంత్రాలు హాస్టల్ బాధ్యత కూడా చూస్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది "మేడం, ఫోన్ వదల్లేకపోతున్నా" అని మొదలుపెడతారు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తే అసలు మాట బయటికొస్తుంది: "నేను దేనికీ పనికిరానేమో అనిపిస్తోంది." ఫోన్ తగ్గించే చిట్కాలు ఎక్కడైనా దొరుకుతాయి. అవి వారం రోజులు కూడా నిలవకపోవడానికి కారణం, చాలామంది ఆ రెండో మాట జోలికి పోకపోవడమే.

ఆత్మగౌరవం అనగానే మనకు నినాదాలు, పౌరుషం గుర్తొస్తాయి. ఇక్కడ నేను మాట్లాడేది అంతకంటే చిన్న విషయం, రోజూ ఉండే విషయం: ఎవరూ చూడనప్పుడు మీ గురించి మీరు ఏమనుకుంటున్నారు అన్నది.

ముందుగా ఒక చిన్న పరీక్ష

ఫోన్ మీద ఎంత ఆధారపడ్డారో చూసుకోవడానికి దక్షిణ కొరియా పరిశోధకులు 2013లో 10 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. ప్రతి ప్రశ్నకూ 1 నుంచి 6 వరకు మార్కులు. మొత్తం అబ్బాయిలకు 31, అమ్మాయిలకు 33 దాటితే జాగ్రత్త పడాలన్నది వాళ్ల లెక్క. తన మీద తనకున్న అభిప్రాయాన్ని కొలవడానికి అమెరికా సమాజశాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ఇచ్చిన 10 వాక్యాల పట్టికను ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. రెండూ నెట్‌లో దొరుకుతాయి. రెండూ చేసి చూడండి, కానీ వచ్చిన అంకెను నుదుటి రాతగా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ సమస్య ఉంది గానీ "స్మార్ట్‌ఫోన్ వ్యసనం" అన్న జబ్బు లేదు. కాబట్టి "నేను అడిక్ట్‌ని" అని పేరు పెట్టుకోవద్దు. ఆ పేరే మరో బరువవుతుంది.

ఫోన్ మీద ఎక్కువగా ఆధారపడే విద్యార్థుల్లో తమ మీద తమకు చిన్నచూపు ఎక్కువని చాలా దేశాల సర్వేల్లో కనిపించింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం ఒక్కసారి చేసిన సర్వేతో తేలదు. మీ విషయంలో అది తేల్చగలిగేది మీరే. మూడు రోజులు జేబులో చిన్న కాగితం పెట్టుకోండి. పనేమీ లేకుండా ఫోన్ తీసిన ప్రతిసారీ, దానికి ముందు నిమిషంలో ఏం జరిగిందో ఒక్క ముక్క రాయండి. "లెక్క రాలేదు", "వాళ్లు నవ్వుకుంటున్నారు", "అమ్మ ఫోన్ పెట్టేసింది", "ఊరికే." మూడు రోజుల తర్వాత కాగితం చూస్తే కింద చెప్పిన వాటిలో మీది ఏదో మీకే తెలుస్తుంది.

లక్షణం: స్క్రోల్ చేసి పక్కన పెట్టాక మనసు బరువెక్కుతోంది

కారణం పోలిక. మనిషి తనను తాను ఎదుటివాళ్లతో కొలుచుకుంటాడని, అందులోనూ తనలాంటివాళ్లతోనే ఎక్కువగా కొలుచుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పాడు. సినిమా హీరో ఇల్లు చూస్తే మనకేం బాధ ఉండదు. ఇంటర్‌లో మన పక్క బెంచీలో కూర్చున్నవాడు లింక్డ్‌ఇన్‌లో ఆఫర్ లెటర్ పెడితే ఆ పూట అన్నం సహించదు. ఎంఎస్‌కి వెళ్లిన సీనియర్ మంచులో కారు పక్కన నిలబడి దిగిన ఫొటో, పిన్ని కూతురి కొత్త ఉద్యోగం మీద ఫ్యామిలీ గ్రూపులో పడ్డ నలభై అభినందనలు, ఇవన్నీ మన వీధిలోవే. అందుకే గుచ్చుకుంటాయి. ఆ ఫొటో వెనకున్న లోను, పార్ట్‌టైమ్ పని, తిరిగొచ్చిన దరఖాస్తులు మాత్రం ఎవరూ పోస్ట్ చేయరు.

పరిష్కారం రెండు పనులు. మొదటిది, ఎవరి పోస్టులు చూశాక మీకు బాధ కలుగుతోందో ఐదు పేర్లు రాసి వాళ్లను మ్యూట్ చేయండి. అన్‌ఫాలో చేయనక్కర్లేదు, వాళ్లకు తెలియదు కూడా. వాట్సాప్ స్టేటస్‌లకూ ఇదే దారి. ప్లేస్‌మెంట్ నెలల్లో ఇది తప్పనిసరి అంటాను నేను.

రెండోది కాస్త కష్టం. ఆ ఐదుగురిలో ఒకరికి కాల్ చేసి "కంగ్రాట్స్ అన్నా. ఎన్ని ఇంటర్వ్యూలు ఇచ్చావు, ఎక్కడ పోయింది, ఎలా ప్రిపేరయ్యావు?" అని అడగండి. అసూయ పడినందుకు సిగ్గుపడకండి. మీకు నిజంగా ఏం కావాలో అది చూపిస్తోంది. ఫొటో చూసినప్పుడు అవతలివాళ్లు ఎక్కడికి చేరారన్నదే కనిపిస్తుంది. మాట్లాడితే ఎలా చేరారో వినిపిస్తుంది. ఆ దారిలో మీరు నడవగలిగిన అడుగులు ఒకటో రెండో ఉంటాయి.

లక్షణం: పోస్ట్ పెట్టాక లైకులు లెక్కపెట్టడం, బ్లూ టిక్ పడి రిప్లై రాకపోతే టెన్షన్

ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం మీటను ఆపకుండా పొడుస్తూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. నోటిఫికేషన్ కూడా అలాంటి గింజే. ఒకసారి వస్తుంది, మూడుసార్లు రాదు, అందుకే మళ్లీ మళ్లీ చూస్తాం. ఇది మీ బలహీనత కాదు, మనసు పనిచేసే తీరే అంత. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య కనబడకుండా దాచే వీలు 2021 నుంచి ఉంది, వాడండి. వాట్సాప్‌లో రీడ్ రిసీట్స్ (బ్లూ టిక్ చూపించే సెట్టింగ్) ఆపేయండి. గ్రూపుల్లో అది పనిచేయదు గానీ ఇద్దరి మధ్య చాటింగ్‌లో చాలా ప్రశాంతతనిస్తుంది. రిప్లై రాలేదని గంటసేపు కుమిలేకంటే ఒక్క కాల్ చేయడం నయం. సగం సార్లు అవతలివాళ్లు బస్సులో ఉంటారు.

లక్షణం: నలుగురి మధ్య నిలబడితే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది

నేను ఎక్కువగా చూసేదీ, నన్ను ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే. మెస్ లైన్‌లో, ల్యాబ్ బయట, క్యాంటీన్‌లో, బస్టాప్‌లో తల వంచుకుని స్క్రీన్ చూస్తూ ఉంటారు. అందులో చూడడానికేమీ ఉండదు, హోమ్ స్క్రీన్‌నే అటూ ఇటూ జరుపుతుంటారు. అది గొడుగు. మాట తప్పు వస్తుందేమో, ఇంగ్లిష్ రాదని నవ్వుతారేమో, నా బట్టలు చూస్తారేమో అన్న భయానికి అడ్డం పెట్టుకున్న గొడుగు.

పల్లెటూరి స్కూల్లో తెలుగు మీడియం చదివి, ఇంటర్ ఎలాగో గట్టెక్కి, ఇంజనీరింగ్‌కో యూనివర్సిటీకో వచ్చిన పిల్లల్లో ఇది ఎక్కువ. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్ల ఇక్కడ సెమినార్ అంటే జ్వరం తెచ్చుకుంటుంది. ఆ అమ్మాయికి తెలివి తగ్గలేదు, చుట్టూ ఉన్న భాష మారింది. కానీ ఆమె "నాకు తెలివి లేదు" అనే అనుకుంటుంది. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫోన్ ఇక్కడ చేసే నష్టం ఏమిటంటే, భయం వేసిన ప్రతిసారీ తప్పించుకునే దారి చూపిస్తుంది. తప్పించుకున్న క్షణాన హాయిగా ఉంటుంది. కానీ మాట్లాడి ఉంటే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం పోతుంది. అలా రెండు సెమిస్టర్లు గడిస్తే "నాకు మాట్లాడడం రాదు" అన్నది ఇక పరీక్షించనక్కర్లేని నిజంగా స్థిరపడిపోతుంది.

పరిష్కారం మెట్లుమెట్లుగా చేయాలి. ఫోన్ మొత్తంగా మానేయమని నేను చెప్పను. మొదటి వారం రోజుకు ఒక్క పూట, మెస్‌కి ఫోన్ గదిలో పెట్టి వెళ్లండి. పక్కన కూర్చున్నవాళ్లను "ఏ బ్రాంచ్?", "ఈరోజు సాంబార్ బాగుంది కదా" అని అడిగితే చాలు. రెండో వారం క్లాసులో ఒక్క డౌట్ అడగండి. తెలుగులో అడిగినా ఫర్వాలేదు. మా లెక్చరర్లలోనూ చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లే, నేను కూడా. మూడో వారం ల్యాబ్‌లో పక్కవాళ్లకు ఒక ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. ప్రతిసారీ వెళ్లేముందు "ఏమవుతుందని భయపడుతున్నాను" అని, వచ్చాక "ఏమయింది" అని రాయండి. రెండు నిలువు వరుసలు చాలు. నాలుగు వారాల తర్వాత ఆ రెండు వరుసలూ పక్కపక్కనే చదివిన ఓ అబ్బాయి నా ఎదుట చాలాసేపు మౌనంగా కూర్చున్నాడు. తర్వాత "ఒక్కసారి కూడా ఎవరూ నవ్వలేదు మేడం" అన్నాడు.

నిజంగా ఎవరైనా నవ్వితే? నవ్వుతారు, కొన్నిసార్లు. అదీ రాయండి. మర్నాడు మళ్లీ వెళ్లండి.

లక్షణం: చదవడానికి కూర్చుంటే పేజీ కదలదు, ఆ తర్వాత నన్ను నేనే తిట్టుకుంటా

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఫోన్ బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే వేరే గదిలో పెట్టి వచ్చినవాళ్లు ఏకాగ్రత పరీక్షల్లో మెరుగ్గా చేశారు. ఆ తర్వాత జరిగిన కొన్ని అధ్యయనాల్లో అంత తేడా కనిపించలేదు. అయినా వేరే గదిలో పెట్టడానికి ఖర్చేమీ లేదు కదా. గది ఒక్కటే అయితే రూమ్మేట్‌కి ఇవ్వండి, లేదా పెట్టెలో పెట్టి తాళం వేయండి. "నోట్స్ అంతా ఫోన్‌లోనే, పీడీఎఫ్‌లు వాట్సాప్‌లోనే" అంటారు. ఆ వారం చదవాల్సిన పేజీలు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకోండి.

అయితే చాలాసార్లు అసలు కారణం సబ్జెక్టు భయం. బ్యాక్‌లాగ్ ఉన్న మ్యాథ్స్ పుస్తకం తెరవగానే పోయిన పరీక్ష గుర్తొస్తుంది, చెయ్యి రీల్స్ వైపు పోతుంది. అప్పుడు "ఈ రోజు ఒక యూనిట్ పూర్తి చేస్తా" అనుకోకండి. పాత ప్రశ్నపత్రంలో రెండు మార్కుల లెక్క ఒకటి చేయండి. చేసింది చెరిపేయకుండా దాచుకోండి.

లక్షణం: రాత్రి రెండైనా ఆపలేను

పగలంతా క్లాసులు, రికార్డులు, స్టడీ అవర్స్. రాత్రి ఒక్కటే మనదనిపిస్తుంది. అందుకే నిద్రకు ఇవ్వబుద్ధి కాదు. పగలు ఒక అరగంట మీకంటూ ఉంచుకోండి, గ్రౌండ్‌లో గానీ టెర్రస్ మీద గానీ. మామూలు అలారం గడియారం ఒకటి కొనుక్కుని, ఫోన్ మంచానికి దూరంగా ఉన్న ప్లగ్‌లో పెట్టండి.

లక్షణం: యాప్‌లు తీసేశా, లిమిట్ పెట్టా, అయినా నా మీద నాకు అభిప్రాయం మారలేదు

ఇది మీ ఒక్కరికే కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగం 2018లో వెలువడింది. అందులో కొందరు మూడు వారాలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కోదాన్ని రోజుకు 10 నిమిషాలకే పరిమితం చేశారు. వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. కానీ తమ మీద తమకున్న విలువలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నాకు ఇది చాలా ముఖ్యమైన ఫలితంగా కనిపిస్తుంది. ఫోన్ తగ్గిస్తే బాధ తగ్గుతుంది, ఖాళీ దొరుకుతుంది. విలువ అనేది ఆ ఖాళీలో మీరు చేసిన పని నుంచి పుట్టాలి.

కంటికి కనిపించే పని ఎంచుకోండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరడం, జూనియర్‌కి వారానికో గంట పాఠం చెప్పడం, సెలవులకు ఇంటికెళ్తే నాన్న పొలం ఖర్చుల లెక్క ఎక్సెల్‌లో వేసిపెట్టడం. మార్కులు రాని పని అయితే మరీ మంచిది. దాని ఫొటో స్టేటస్‌లో పెట్టకండి, కనీసం మొదటి నెల.

తల్లిదండ్రులకు ఒక మాట

"ఆ ఫోన్ పగలగొడతా" అనడానికి ముందు, "పక్కింటి వాళ్లబ్బాయిని చూడు" అని ఎన్నిసార్లు అన్నారో గుర్తుచేసుకోండి. పోల్చుకోవడం పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో నేర్చుకోలేదు. కాల్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు "తిన్నావా, ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడగండి.

ఇవి కనిపిస్తే సొంత ప్రయత్నం చాలదు

రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోవడం, క్లాసులు పూర్తిగా మానేయడం, బెట్టింగ్‌లో డబ్బు పోయి లోన్ యాప్‌ల అప్పుల్లో ఇరుక్కోవడం, బతకడం దేనికన్న ఆలోచన రావడం. వీటిలో ఏది ఉన్నా ఈ రోజే ఎవరైనా పెద్దవాళ్లకు చెప్పండి. అప్పు సంగతి దాచితే అప్పు, భయం రెండూ పెరుగుతాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్, గేమింగ్ సమస్యల కోసమే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగం నడుస్తోంది.

కాల్ కలిశాక ఏం చెప్పాలో తోచకపోతే "నిద్ర పట్టడం లేదు" అనండి. మిగతాది వాళ్లే అడుగుతారు.