ఆసుపత్రిలో పిల్లల వార్డులోకి అడుగుపెట్టే ముందు

జలుబు, దగ్గు, కాస్త ఒళ్ళు వెచ్చబడినా సరే, ఆ రోజుకి మానుకోండి. క్యాన్సర్‌కి కీమో మందులు తీసుకునే పిల్లల్లో తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి, మనకు రెండు తుమ్ములతో పోయేది వాళ్ళని ఐసీయూ దాకా తీసుకెళ్ళొచ్చు.

ఉంగరాలు, వాచీ తీసేసి చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు రుద్దుకోవాలి.

రబ్బరు బెలూన్లు వద్దు (అలర్జీ ఒకటి, పగిలిన ముక్క గొంతులో పడితే మరొకటి). బొమ్మలు కొత్తవి, తుడవడానికి వీలైనవి.

నర్సుని అడక్కుండా చాక్లెట్ ఇవ్వకండి, ఆపరేషన్ కోసం కడుపు ఖాళీగా ఉంచి ఉండొచ్చు.

మంచం దగ్గరికి వెళ్ళేముందు "రావచ్చా?" అని పిల్లల్నే అడగండి. సూదిని వద్దనే వీలు వాళ్ళకి ఎలాగూ లేదు, కనీసం మనల్నైనా వద్దనగలగాలి కదా. దుప్పటి ముఖం మీదికి లాక్కుంటే నవ్వి పక్క మంచానికి వెళ్ళిపోండి, బతిమాలొద్దు.

సెల్ఫీలు అసలే వద్దు.