పై పోర్షన్ బాడుగకిచ్చే ముందు

అనంతపురం సాయినగర్‌లో కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు బాడుగకిస్తాం. మా ఆయన రిటైరయ్యాక మందులకూ ఇంటిపన్నుకూ ఆ డబ్బే ఆధారం. మాలాంటి చిన్న ఓనర్లకు నాకు తెలిసింది చెప్తాను.

ఎంత తెలిసినవాళ్లయినా అగ్రిమెంటు లేకుండా తాళాలు ఇవ్వొద్దు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కానీ మన ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ తర్వాత ఎంత కాలం లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. ఏడాది లెక్క చూసుకుని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు, అంతమాత్రాన ఇక్కడ రిజిస్ట్రేషన్ తప్పదు. గడువు అయిపోగానే కొత్తది రాసుకోవాలి, పాతదాన్నే లాగించకూడదు.

తాళాలిచ్చే రోజు బాడుగకు వచ్చేవాళ్లతో కలిసి ఇల్లంతా తిరగండి. వంటింటి సింకు కింద పైపు కారుతోందా, బాత్రూం తలుపు గడియ సరిగ్గా పడుతోందా, ఫ్యాన్లు ఎన్ని, మీటరు రీడింగు ఎంత, అన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఫోన్లో వీడియో కూడా తీయండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర వచ్చే గొడవల్లో చాలావాటికి ఆ కాగితమే జవాబు.

మా ఊళ్లో ఎండాకాలం అసలు టెన్షన్ నీళ్లే. సంపు మోటారు ఎవరు వేయాలి, ట్యాంకర్ తెప్పిస్తే డబ్బు ఎలా పంచుకోవాలి, ముందే రాసుకోండి. ప్రతి పోర్షన్‌కూ వేరే కరెంటు మీటరు పెట్టించండి. ఒకే మీటరైతే ఇద్దరి యూనిట్లూ కలిసి యూనిట్‌కు ఎక్కువ రేటు పడే పై శ్లాబులోకి పోతాయి, బిల్లు ఇద్దరికీ భారమే.

అడ్వాన్సు రెండు నెలల బాడుగ చాలు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు పెట్టిన పరిమితి కూడా అంతే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది, కానీ లెక్క న్యాయమైనది. పిల్లల్ని వెంటేసుకుని వచ్చే కుటుంబం ఆరు నెలల అడ్వాన్సు ఎక్కడినుంచి తెస్తుంది?

బాడుగ ఆగిందని నీళ్లు, కరెంటు మాత్రం ఆపకండి. తాళం మార్చకండి. కోపంలో ఆ పని చేస్తే న్యాయం మన వైపున్నా కేసు మన మీదికొస్తుంది, లోపల చంటిబిడ్డ ఉంటే పాపం కూడా. ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. కుదరకపోతే ఖాళీ చేయమని రాతపూర్వకంగా నోటీసు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో పంపండి. నెలవారీ బాడుగకు, అగ్రిమెంటులో వేరే గడువు రాసుకోకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల గడువివ్వాలి. అప్పటికీ కదలకపోతే లాయరును కలవండి. బాడుగ బ్యాంకులోనో ఫోన్‌పేలోనో తీసుకుని ఉంటే ఏ నెల ఆగిందో అక్కడ చూపించడం తేలిక.